పన్నెండు గొలుసుల మీద నాలుగు గజాలు

నేను పిరికివాణ్ణి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. నంద్యాలలో నేను పనిచేసిన మిషన్ హైస్కూల్లో ఈ సంగతి పిల్లలతో సహా అందరికీ తెలుసు. ఎద్దు ఎదురొస్తే సందు మారేవాణ్ణి. అలాంటి లెక్కల మాస్టరుకు ఎన్.సి.సి. అప్పగించారంటే అది మా హెడ్మాస్టరు గారి వేళాకోళం తప్ప మరొకటి కాదు. వేసవి క్యాంపుకు పంపితే అక్కడ త్రీనాట్‌త్రీ రైఫిలు కాల్చడం నేర్పారు. వారం రోజులు భుజం వాచిపోయింది గాని, ఒక్క విషయం మాత్రం నన్ను పట్టుకుంది. తుపాకీలోంచి బయటపడిన గుండు తిన్నగా పోదు. బయలుదేరిన క్షణం నుంచే కిందికి జారుతూ పోతుంది. ఎంత దూరంలో ఎంత జారుతుందో చెప్పే పట్టిక ఒకటి క్యాంపులో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. దాన్ని పదో తరగతి పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి. టీ కొట్టు దగ్గర ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. నోటిదూల అంటే అదే.

ఆ గొప్ప ఎంతవరకు పాకిందో డెబ్భైల చివర ఒక శనివారం తెలిసింది. ఒంటిపూట బడి వదిలేసరికి గేటు ముందు జీపు నిలబడి ఉంది. ఆ రోజుల్లో ఆళ్లగడ్డ వైపు నుంచి జీపు వచ్చి ఫలానా మనిషి కావాలని అడిగిందంటే, ఆ మనిషి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. దిగినవాడు పొడుగ్గా ఉన్నాడు, భుజాన తువ్వాలు.

"లెక్కల సారు నువ్వేనా? మా పెద్దాయన పిలుస్తాండాడు. బండెక్కు."

"ఏం పనప్పా?"

"నాకేం తెల్సు? తుపాకీ లెక్కంట. బిరాన రా."

పెద్దాయన ఎవరో నాకు తెలుసు. ఆళ్లగడ్డ అవతల ఒక ఊళ్లో సగం చేలు ఆయనవి. మిగతా సగం అదే వీధికి రెండో కొసన ఉండే ఇంకొకాయనవి. రెండు ఇళ్లకూ రెండు తరాలుగా మాటల్లేవు, ఉన్నవి చావులే. ఆ ఊళ్లోనే మా చెల్లెలు టీచరు. మట్టిగోడల కొట్టంలో అయిదు తరగతులకూ ఆమె ఒక్కతే పాఠం చెప్పేది. ఆదివారం పొద్దున అదే కొట్టంలో ప్రార్థన జరిపేది. చెల్లెలు ఆ ఊళ్లో ఉండగా నేను రానని ఎలా అంటాను? ఎక్కాను. శిరివెళ్ల దాటేదాకా జీపు కమ్మీని వదల్లేదు.

పెద్దాయన మర్యాదస్థుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. గోడకు ఆనించి ఒక రైఫిలు ఉంది. త్రీనాట్‌త్రీ కాదు, లైసెన్సు మీద మామూలు జనానికి ఇచ్చే మూడు వందల పదిహేను నంబరుది. నల్లమల నుంచి పందులు దిగి వేరుశనగ బుడ్డల చేను దున్నేస్తున్నాయని, దగ్గరికి పోతే పారిపోతున్నాయని, దూరం నుంచి కాల్చాలంటే ఎంత పైకి గురి పెట్టాలో తెలియడం లేదని చెప్పాడు.

"నూరు గజాలకు గురి సరిగ్గుండాది సారూ. ఆపైన యాడ పోతాందో దేవునికే తెల్సు. నీకాడ పుస్తకం ఉండాదంటనే?"

వెంటనే సంచిలోంచి పుస్తకం తీశాను. అంత భయంలోనూ నాకు కాస్త గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు? రెండు వందల గజాల దగ్గర గుండు జానెడు కిందికి పడుతుందని పట్టిక చూసి చెప్పాను. అందరం ఊరి వెనక ఎండిన చెరువులోకి పోయాం. పాత పంచె ఒకటి రెండు గుంజలకు కట్టి, మధ్యలో బొగ్గుతో చుక్క పెట్టారు. పెద్దాయన జానెడు పైకి గురిపెట్టి మూడుసార్లు కాల్చాడు. పోయి చూస్తే మూడూ చుక్కకు బాగా కిందనే ఉన్నాయి.

పెద్దాయన నా వైపు చూశాడు. కోప్పడలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"నీ పుస్తకం అబద్ధం చెప్తాంది సారూ."

తప్పు పుస్తకానిది కాదు, నాది. పట్టిక త్రీనాట్‌త్రీ గుండుది. ఈ గుండు బరువెక్కువ, వేగం తక్కువ. పక్కపక్కన పెడితే రెండు తూటాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి గాని, ఒకడి జాతకం ఇంకొకడికి చదివితే ఎలా? నేను చేసింది అదే. నాలుగు వారాలు గడువు ఇవ్వండి, సరైన లెక్క వెతికి తెస్తానని చెప్పి బస్సెక్కాను. అప్పుడే ఆ పని నాకు చేతకాదని చేతులెత్తేసి ఉంటే ఎంత బాగుండేది. కానీ నా పట్టిక తప్పిందన్న అవమానం కొరుకుతోంది.

నాలుగు వారాలూ వెతికాను. తూటాల అట్టపెట్టె మీద ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు చేశారో తప్ప ఏమీ లేదు. పాణ్యం మీదుగా కర్నూలు పోయి తుపాకుల అంగడిలో అడిగితే, అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "గుండు పేలుతాదా లేదా అని అడుగుతారు గాని, ఎంత కిందికి పడుతాదని ఎవురూ అడగలేదే" అన్నాడు. లైబ్రరీలో యుద్ధాల చరిత్రలు ఉన్నాయి, గుండ్ల చరిత్ర లేదు. తూటాలు చేసే కార్ఖానాకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఎవరూ చెప్పని లెక్కను మనమే కట్టుకోవాలి. అది తేలగానే నాకు హుషారు పుట్టుకొచ్చింది.

వరసగా రెండు శనివారాలు ఎండిన చెరువులోనే గడిపాం. దూరం కొలవడానికి కరణం గారింటి నుంచి భూములు కొలిచే గొలుసు తెప్పించారు. గొలుసుకు ఇరవై రెండు గజాలు. నూటయాభై దగ్గర ఒక పంచె, రెండు వందల దగ్గర ఒకటి, రెండు వందల యాభై దగ్గర ఒకటి, మూడు వందల దగ్గర ఒకటి. అన్ని చోట్లా గురి చుక్క మీదే, పైకీ కిందికీ మార్చకుండా. తూటాలు లైసెన్సు మీద లెక్కగా ఇచ్చేవి కాబట్టి దూరానికి మూడేసి మాత్రమే. కాల్చిన తర్వాత నేను టేపు పట్టుకుని పరుగెత్తేవాణ్ణి, చుక్క నుంచి ప్రతి చిల్లూ ఎంత కిందికి ఉందో రాసుకునేవాణ్ణి. సాయంత్రం గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే నున్నటి వంపు వచ్చింది. బడిలో ఇరవై ఏళ్లుగా చెబుతున్న వంపే, కానీ ఈసారి మనుషులు కాల్చిన గుండ్లతో గీసినది. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

ఒక్క విషయం మాత్రం ఆ వంపులో ఇమడలేదు. దూరం పెరిగేకొద్దీ మూడు చిల్లులూ ఒకచోట ఉండటం లేదు, విడిపోతున్నాయి. మూడు వందలకు దగ్గర పడేసరికి గుండు అనుకున్న చోటికి జానెడు అటో ఇటో పోతోంది. తూటా తూటాకూ మందులో తేడా, పాత గొట్టం, ఏదైనా కావచ్చు. అది కూడా ఒక మూలన రాసి పెట్టుకున్నాను.

రెండో శనివారం సాయంత్రం పెద్దాయన కాగితం మీదికి వంగి వేలు పెట్టాడు.

"పన్నెండు గొలుసుల మీద నాలుగు గజాలకు ఎంత వస్తాది సారూ?"

"అంటే రెండు వందల అరవై ఎనిమిది." వంపు మీద చూసి చెప్పాను.

"పైనుంచి కిందికి కాలిస్తే మారుతాదా?"

"ఎంత ఎత్తు నుంచి?"

"మిద్దెంత."

"అంత ఎత్తుకు తేడా రాదు" అన్నాను. కొండమీద నుంచైతే లెక్క ఎలా మారుతుందో కూడా చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి చాలన్నాడు. శుభ్రంగా రాసి వచ్చే శనివారం తెచ్చిస్తానని చెప్పి, ఆ పూటకు చెల్లెలింటికి పోయాను. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి, ఆ ప్రశ్న విని నాకేమీ తోచలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున బడి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. లోపల చెల్లెలు ప్రార్థనకు చాపలు పరుస్తోంది. బడికి నలభై అడుగుల ముందర కూలిపోయిన గోడ నీడలో ఒక నాపబండ ఉంది. ఊరి మంగలి ఆదివారాలు కూర్చునేది అక్కడే. వీధి ఈ కొసన ఉండే రెండో ఇంటాయన వచ్చాడు. వెంట ఉన్న ఇద్దరు మనుషులు గోడవారగా నిలబడ్డారు. ఆయన బండ మీద కూర్చుని కళ్లు మూసి గడ్డం పైకెత్తాడు. మంగలి నురగ పూశాడు. అంతసేపూ మనిషి కదల్లేదు. గొంతు మీద కత్తి ఉండగా ఎవరు కదులుతారు?

అప్పుడు ఆయన తల మీదుగా నా చూపు వీధి వెంట పోయింది. వీధి తిన్నగా పోయి పెద్దాయన ఇంటి దగ్గర ఆగుతుంది. ఆ మిద్దె మీద కొత్తగా కట్టిన చిన్న గది. దానికి ఒకటే కిటికీ, ఇటువైపు.

పంది ఎక్కడైనా గొలుసు పెట్టి కొలిచిన చోట నిలబడుతుందా? నూరు గజాలనో, రెండు నూర్లనో ఉజ్జాయింపుగా అడుగుతారు గాని, మీద నాలుగు గజాలు ఎవరు అడుగుతారు? ఎవరో ఈ వీధిలో గొలుసు లాగి ఉండాలి. బీడీలకు పోతున్నవాడిలా లేచి, బండ దగ్గర నుంచి ఎన్.సి.సి.లో నేర్పిన ముప్పై అంగుళాల అడుగు వేసుకుంటూ పోయాను. పెద్దాయన గుమ్మం ముందు మూడు వందల ఇరవై రెండు అయింది. గజాల్లోకి మార్చాను. రెండు వందల అరవై ఎనిమిది గజాలు.

తిరిగొచ్చి చెల్లెల్ని బడి వెనక్కి పిలిచి అంతా చెప్పాను. ఆమె నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, గుండె మాత్రం నాకంటే పెద్దది.

"తప్పు లెక్క రాసియ్యి అన్నా" అంది.

నేనూ దారిలో అదే ఆలోచించాను. కానీ గురి తప్పిన గుండు గాలిలో కరిగిపోదు కదా. ఎక్కువ రాస్తే తుపాకీ పైకి లేస్తుంది, గుండు ఆయన తల దాటి నేరుగా ఈ మట్టిగోడలోకి వస్తుంది. లోపల ఆదివారం ఇరవై మంది పిల్లలు. తక్కువ రాస్తే బండ ముందరే పడుతుంది. అక్కడ బోరింగు, బిందెలతో ఆడవాళ్లు. సరిగ్గా రాస్తే ఆయన. ఏ అంకె వేసినా ఎవరో ఒకరు ఉన్నారు. అడకత్తెరలో పోకచెక్క అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"పిల్లోళ్లను తీసుకుని నంద్యాలకు వచ్చెయ్" అన్నాను.

"ఎవురి పిల్లోళ్లను? ఊరి పిల్లోళ్లను యాడికి తీసుకపోను?" అంది. "నువ్వు కట్టిన లెక్క ఇది. నువ్వే ఏదో ఒకటి చెయ్యల్ల."

రెండో ఇంటాయనకు చెప్పేస్తే? ఆ మాట నా నోటి నుంచి ఊడిపడిన రోజే ఆయన మనుషులు పెద్దాయన ఇంటి మీద పడతారు. అప్పుడు చావులు ఒకటితో ఆగవు, చెప్పింది ఎవరని అడిగితే మా చెల్లెలి పేరే ముందు వస్తుంది. పోలీసులకు చెబుదామంటే ఏం చెప్పాలి? గ్రాఫు కాగితం మీద ఒక వంపు గీశానని చెప్పాలా? వారమంతా నాకు అన్నం సయించలేదు. క్లాసులో పిల్లవాడు డస్టరు కింద పడేస్తే ఉలిక్కిపడ్డాను.

శనివారం పట్టిక తీసుకుని పోయాను. అంకెలన్నీ నిజమైనవే రాశాను. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. అడుగున మాత్రం ఒక వాక్యం పెద్ద అక్షరాలతో చేర్చాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని పైకే చదివాడు.

"'ఈ దూరంలో ఏ గుండైనా అనుకున్న చోటికి జానెడు అటూ ఇటూ పోవచ్చు. దీనికి లెక్క లేదు.' ఇదేంది సారూ?"

"నిజమండీ. పంచెల మీద చూశాం కదా."

"పందికి జానెడు అయితే ఏం?"

వారం రోజులుగా వల్లె వేసుకున్న మాట ఉంది. అది బయటికి వచ్చేలోగా రెండుసార్లు దగ్గాను.

"రేపటి నుంచి ప్రతి ఆదివారం మా చెల్లెలింటికి వస్తానండీ. నాపబండ మీద గడ్డం గీయించుకుంటాను. పొద్దున్నే. ఆయన కూర్చునే పూటే."

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. గోడకు ఆనించిన రైఫిలు అలాగే ఉంది.

"నంద్యాల్లో మంగలోళ్లు లేరా?"

"ఉన్నారండీ. కత్తులు మొద్దువి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "నీ ఇష్టం సారూ. బండ ఎవురి సొత్తూ కాదు" అన్నాడు.

మొదటి ఆదివారం బండ మీద కూర్చున్నప్పుడు రెండో ఇంటాయన మనుషులు నా సంచి వెతికారు. బైబిలు, సద్ది తప్ప ఏమీ దొరకలేదు. బండ చిన్నది. ఇద్దరు కూర్చుంటే భుజాలు తగులుతాయి. నాకు కావలసింది కూడా అదే. నేను కట్టిన లెక్కలన్నిట్లో నాకు నమ్మకం ఉన్నది ఆ జానెడు మీదే. ఆ జానెడులో నా తల పెట్టి కూర్చున్నాను. కిటికీకి చెవి అప్పగించి కూర్చున్నట్టు ఉండేది. బిందె కింద పెట్టిన చప్పుడైనా, గోడ మీది నుంచి కాకి లేచినా ప్రాణం పైపైనే పోయేది. ఇందులో ధైర్యమేమీ లేదు. ఒక బడిపంతుల్ని, అందునా ఎన్.సి.సి. డ్రస్సు వేసుకునేవాణ్ణి పొరపాటున చంపితే వచ్చే తలనొప్పి పెద్దాయనకు ఇష్టం ఉండదని లెక్క వేసుకున్నాను, అంతే. ఆ లెక్కకు మాత్రం పట్టిక లేదు. అది సరైనదో కాదో ప్రతి ఆదివారం మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

"గడ్డానికి నంద్యాల నుంచి వస్తాండావా సార్?" అని మంగలి నవ్వేవాడు. మా ఆవిడకు అనుమానం వచ్చింది, స్టాఫ్ రూములో నన్ను ఏడిపించారు. పెద్దాయన పక్షవాతంతో మంచాన పడి, ఆ గదిలో జొన్న బస్తాలు వేసేదాకా పద్నాలుగు నెలలు అలాగే కూర్చున్నాను. వానొచ్చినా, పరీక్షలొచ్చినా, జ్వరమొచ్చినా. ఒక్క గుండు కూడా పేలలేదు. నా వల్ల ఆగిందో, అసలు కాల్చే ఉద్దేశమే లేదో నాకు తెలియదు.

అన్ని ఆదివారాల్లోకి ఒక ఆదివారం నాకు బాగా గుర్తు. వెళ్లడం మొదలుపెట్టి రెండు నెలలై ఉంటుంది. అప్పటిదాకా ఆ రెండో ఇంటాయన నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. మంగలి నురగ పూసి, నీళ్లకని బోరింగు దగ్గరికి పోయాడు. మనుషులిద్దరూ దూరంగా బీడీ ముట్టించుకుంటున్నారు. ఆయన తల తిప్పకుండా అన్నాడు.

"ఆ కిటికీ సంగతి నాకు తెల్సు సారూ."

"ఎప్పటి నుంచి అన్నా?"

"గది కట్టిన దినం నుంచి. కట్టిన మేస్త్రీ మావోడే. నువ్వు ఏంటికి వస్తాండావో కూడా తెల్సు."

"తెలిసి ఈడ ఎందుకు కూర్చుంటావు? ఇంట్లో గీయించుకోరాదా? ఇంకో పక్కకు తిరిగి కూర్చోరాదా?"

"మా నాయన ఈడనే కూర్చున్యాడు. మా తాత ఈడనే కూర్చున్యాడు. బండ మారిస్తే బయపడినాడంటారు. ఆ మాట పడినంక ఊళ్లో ఎట్ల తిరగల్ల?"

నాకు కోపం వచ్చింది. ఈ మనిషి రోషానికి నేను రెండు నెలలుగా నా తల పణంగా పెట్టానా అనిపించింది. లేచి పోదామని మొదటిసారి ఆయన వైపు పూర్తిగా తిరిగి చూశాను. మొహం బండలాగే ఉంది. కానీ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్నాడు, కణుపులు తెల్లబడేలా. చెంపల మీద నురగ సన్నగా వణుకుతోంది. మంగలి నీళ్ల గిన్నెతో తిరిగి వస్తున్నాడు. అతను వచ్చేలోగా అడగాలన్నట్టు, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"వచ్చే ఆదివారం కూడా వస్తావు కదా సారూ?"

వస్తానన్నాను. భయంతో నా మాట నాకే వినబడలేదు. ఆయనకూ వినబడినట్టు లేదు, మళ్లీ అడిగాడు. ఈసారి గట్టిగా, మంగలి కూడా వినేలా, "వస్తానన్నా" అని చెప్పాను. అప్పుడు గాని ఆయన కళ్లు మూసుకుని కత్తికి గొంతు పైకెత్తలేదు.